వెనక బెంచీలో మన మేడమ్‌గారు

పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జులై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యా మనస్తత్వశాస్త్ర ఉపన్యాసకురాలిగా వారు బాధ్యతలు స్వీకరించారు. కార్యాలయం లెక్క ప్రకారం స్వీకరించారు గాని, ఆ ఉదయం తరగతి గదిలో ఉన్న విద్యార్థులకు ఆ సంగతి చాలాసేపటి దాకా తెలియలేదు. ఎందుకంటే మన మేడమ్‌గారు తలుపు తోసుకుని లోపలికి వచ్చి, వేదిక వైపు కన్నెత్తయినా చూడకుండా, తిన్నగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కనున్న అమ్మాయి మర్యాదగా జరిగి చోటిచ్చి, "కొత్తగా చేరావా? ఇవాళ ఎవరో కొత్త మేడమ్ వస్తుందట. నోట్సు చెప్పి చెప్పి చంపుతుందో ఏమో!" అన్నదట. "ఏమో మరి, నాకూ భయంగానే ఉంది" అన్నారట మేడమ్‌గారు.

కాసేపటికి ఆ వెనక బెంచీలోనుంచే ఒక ప్రశ్న వినిపించింది. "క్రమశిక్షణ అంటే ఏమిటి?" ఎవరో లేచి, పుస్తకంలో ఉన్న నిర్వచనాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పారు. "చాలా బాగుంది. ఇప్పుడు నేను మీ క్లాసులో పిల్లని. మీవైపు వీపు తిప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఈ నిర్వచనం నా వీపుకి చెబుతారా?" అని వారు నిజంగానే వీపు తిప్పి కూర్చున్నారు. గదంతా గప్‌చుప్. పక్కనున్న అమ్మాయికి మాత్రం ముచ్చెమటలు పోశాయి. అవతలి గదిలో గణిత బోధనా పద్ధతులు చెబుతున్న నేను, పక్క తరగతిలో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరుగను గనుక, ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోయారేమోనని సుద్దముక్క చేత్తో పట్టుకునే పరుగెత్తుకు వచ్చాను. అదే వారితో నా తొలి పరిచయం. "రండి మాస్టారూ, ఖాళీ ఉంది, కూర్చోండి" అన్నారు. కూర్చోలేదు. అవతల నా భిన్నాలు నడిమధ్యలో ఉన్నాయి.

పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో నేర్పించే మా వంటి వారు కళాశాల నిండా ఉండగా, పాఠం వినలేని స్థితిలో ఉన్న పిల్లవాడి ముందు ఎలా నిలబడాలో నేర్పించే బాధ్యతను తమంతట తాముగా నెత్తికెత్తుకున్న తొలి వ్యక్తి మన మేడమ్‌గారే. ప్రతి బుధవారం మధ్యాహ్నం వారు ప్రారంభించిన ఆ తరగతికి కాలపట్టికలో ఏదో గంభీరమైన పేరు ఉండేది. విద్యార్థులు మాత్రం దాన్ని వెనక బెంచీ గంట అన్నారు. కొద్దికాలానికే వారూ వెనక బెంచీ మేడమ్ అయ్యారు. ఈ పేరు వారి చెవిన పడకూడదని మేమంతా ఎంతో జాగ్రత్తపడ్డాం. తీరా చూస్తే వారింటికి ఫోను చేసినప్పుడు వారి భర్తగారే "వెనక బెంచీ మేడమ్ వంటింట్లో ఉన్నారండీ, పిలుస్తాను" అన్నారు.

ఈ పదవీ విరమణ అభినందన సంచికను చదివే మేడమ్‌గారి కుటుంబ సభ్యులు ఆ గంట నడిచే తీరును చూడలేదు గనుక, వారి కోసం కొంచెం వివరిస్తాను. ఒక విద్యార్థి వేదిక మీద నిలబడి నిజంగానే పాఠం చెప్పాలి. భిన్నాలో, గాలి పీడనమో, ఏదో ఒకటి. తక్కినవారంతా పిల్లలు. మేడమ్‌గారు ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క పాత్ర చెబుతారు. నువ్వు రాత్రి అమ్మానాన్నల గొడవలో నిద్రపోలేదు. నువ్వు ప్రతి మాటకీ జోకు వేస్తావు, ఎందుకంటే నీకు చదవడం సరిగా రాదు, అది ఎవరికీ తెలియకూడదు. నువ్వు ఎవరు పలకరించినా మాట్లాడవు. ఎవరి చెవిలో ఏముందో పాఠం చెప్పేవారికి తెలియదు. పాఠం ఆగకూడదు, పిల్లవాడూ జారిపోకూడదు.

పాఠం అయ్యాక చర్చ. అక్కడ వారి పట్టుదల జగమెరిగినది. "ఆ అబ్బాయికి పొగరు మేడమ్" అని ఎవరైనా అన్నారో, ఇక వారి పని అయిపోయినట్టే. "పొగరు నీ కంటికి ఏ రంగులో కనిపించిందమ్మా? చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత చెబుదువుగాని." అప్పుడు ఆ విద్యార్థిని తడబడుతూ, పుస్తకం తెరవలేదు, రెండుసార్లు ఆవులించాడు, పేరు పిలిస్తే ఉలిక్కిపడ్డాడు అని చెప్పేది. ఆ మూడు ముక్కలూ బయటికి వచ్చేసరికి, పొగరన్న మాట ఎటు పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. అరిచే పిల్లవాడి ముందు మన గొంతు తగ్గించాలని, నలుగురిలో నిలదీయకూడదని, తప్పు చేసినవాడికి మొహం చెల్లేలా వెనక్కి వచ్చే దారి ఒకటి వదలాలని, ఎత్తున నిలబడి కాక పక్కన కూర్చుని మాట్లాడాలని వారు చెప్పిన సంగతులు ఈనాడు అనేక పాఠశాలల్లో మా పూర్వ విద్యార్థుల నోట వినిపిస్తున్నాయి. వారు అంతే గట్టిగా చెప్పిన మరో మాట ఉంది. "మనం డాక్టర్లం కాదు నాన్నా. జబ్బుకి పేరు పెట్టడం మన పని కాదు. చూడటం మన పని, వినడం మన పని, తోడు వెళ్ళడం మన పని."

ఇంతటి వారిలో లోపాలు లేవని రాస్తే ఈ వ్యాసాన్ని ఎవరూ నమ్మరు. కళ్ళజోడు తలమీద పెట్టుకుని కళాశాలంతా వెతికించడం, సమావేశానికి అందరూ లేచి వెళ్ళేవేళకి రావడం, ఏ ఏడాదీ పాఠ్యప్రణాళిక పూర్తిచేయకపోవడం వారి ప్రత్యేకతలు. వారి అత్తగారు ఒకసారి మా ముందే అన్నారు: "మా కోడలి సంగతి నాకు తెలీదా? ఇంట్లో దొంగ పడ్డా, వాణ్ణి కూర్చోబెట్టి, ఏం కష్టం వచ్చింది నాయనా అని అడుగుతుంది. వాడు ఏడ్చుకుంటూ పోతాడు. సామాను మాత్రం పోదు." ఆ చివరి వాక్యంలో ఉన్న గర్వం చూసి మేమంతా నవ్వుకున్నాం.

ఇక వారి ఉద్యోగ జీవితంలోని ఒకానొక సంఘటనను ఇక్కడ ప్రస్తావించడానికి వారి అనుమతి, ఆ సంఘటనలో ఉన్న మరొకరి అనుమతి తీసుకున్నాను. "రాయండి మాస్టారూ, మంచివే రాస్తే అది అభినందన కాదు, ప్రకటన" అన్నారు మేడమ్‌గారు.

వారు చేరిన కొన్నేళ్ళకు, ఒక బృందంలో పిట్ట అని అందరూ ముద్దుగా పిలుచుకునే అమ్మాయి ఉండేది. సన్నగా ఉండేది, గలగలా మాట్లాడేది. ఆ పిల్ల ఒక బుధవారం మాట్లాడని పిల్ల పాత్ర వేసింది. తల వంచుకుని, గోరుతో బెంచీని గీకుతూ, పాఠం చెప్పేవాడు ఎంత ప్రయత్నించినా పెదవి విప్పలేదు. అంత గలగలలాడే పిల్ల అంత మౌనం ఎలా తెచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. మరుసటి వారం తనే వచ్చి, "ఆ పాత్ర మళ్ళీ నాకే ఇవ్వండి మేడమ్" అని అడిగింది. ఇచ్చారు. ఆ తర్వాతి వారమూ అడిగింది. ఆనాడు పాఠం మధ్యలో ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంట మోగగానే గది చప్పట్లతో మారుమోగింది. "ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎవరూ చేయలేదే!" అని మేడమ్‌గారు కూడా నిండు మనసుతో చప్పట్లు కొట్టారు.

అందరూ టీ తాగడానికి వెళ్ళిపోయారు. యథాప్రకారం కళ్ళజోడు మరిచిపోయిన మేడమ్‌గారు వెనక్కి వచ్చి చూస్తే, పిట్ట ఆ బెంచీలోనే కూర్చుని ఉంది. గోరు ఇంకా బెంచీని గీకుతూనే ఉంది.

"అయిపోయిందమ్మా, లే. ఇంకా పాత్రలోనే ఉన్నావా?"

"ఇది పాత్ర కాదు మేడమ్" అంది పిట్ట. "మూడు వారాలనుంచీ చెబుతూనే ఉన్నాను. మీరందరూ చప్పట్లు కొడుతున్నారు."

మేడమ్‌గారు కళ్ళజోడు సంగతి మరిచి ఆ పిల్ల పక్కన కూర్చున్నారు. "నాకేం తక్కువ మేడమ్? అమ్మ బంగారం, నాన్న ఒక్క మాట అనరు. కానీ పొద్దున్నే లేవాలంటేనే కాళ్ళూ చేతులూ ఆడవు. తిండి సయించదు. అందరి ముందూ నవ్వి నవ్వి దవడలు నొప్పెడుతున్నాయి. ఆ గంటలో ఒక్కటే నేను నవ్వక్కర్లేదు" అని ఆ పిల్ల చెబుతుంటే, అన్నీ ఉన్నాయిగా, ధైర్యంగా ఉండు అన్న మాట నోటిదాకా వచ్చిందట వారికి. మింగేశారు. "ఇంకా చెప్పమ్మా" అని మాత్రం అన్నారు. చీకటిపడే దాకా ఆ గదిలోనుంచి ఇద్దరూ కదలలేదు. మర్నాడు ఆ పిల్ల తల్లిని పిలిపించి, ముగ్గురూ కలిసి మానసిక వైద్యుని వద్దకు వెళ్ళారు. పిట్ట ఒక ఏడాది ఆలస్యంగా చదువు ముగించింది. ముగించింది అన్నదే మాకందరికీ ముఖ్యం.

ఆ వారాంతపు అధ్యాపక సమావేశంలో, ఎవరూ అడగకముందే మేడమ్‌గారు లేచి నిలబడి జరిగినదంతా చెప్పారు. అప్పటి ప్రిన్సిపాల్‌గారు కోపంతో ఎర్రబడ్డారు. "ఇది శిక్షణ కళాశాలా, నాటక సమాజమా? ఆ గంట ఇంక ఆపేయండమ్మా" అన్నారు. "ఆపమంటే ఆపుతాను సార్. కానీ తప్పు గంటది కాదు, నాది. చూసింది చెప్పమని పిల్లల ప్రాణం తీసే నేను, ఆ పిల్లలో నటనని చూశాను, పిల్లని చూడలేదు. ఈ తప్పు నేను ఇక్కడ చేశాను కాబట్టి దిద్దుకోవడానికి వీలైంది. రేపు వీళ్ళు బడికి వెళ్ళి చేస్తే, ఆ పిల్లవాడి పక్కన ఎవరుంటారు?" అన్నారు వారు.  ప్రిన్సిపాల్‌గారు చివరికి, "సరే, నడపండి. కానీ ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఏదో ఒకటి చేయండి" అన్నారు.

వారు చేసిన ఆ ఏదో ఒకటే ఇవాళ మా కళాశాల ఆచారం. పాత్ర ముగియగానే చప్పట్లు కొట్టకూడదు. పాత్ర వేసినవారు లేచి, గడప దాటి బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చి, తమ పేరు చెప్పాలి, తమ పని చెప్పాలి, ఈ పూట తాము ఎలా ఉన్నదీ చెప్పాలి. బాగున్నానన్నా సరే, బాగాలేనన్నా సరే. "అబద్ధం చెబితేనే మార్కులు పోతాయి" అనేవారు మేడమ్‌గారు. ఒకే పాత్రను రెండోసారి అడిగినవారికి మేడమ్‌గారి గదిలో టీ. ఆ టీలో పంచదార ఎప్పుడూ ఎక్కువే, తాగినవారు మాత్రం తేలికపడి బయటికి వచ్చేవారు. ఎవరిలోనైనా తమ చేయి దాటిన బాధ కనబడితే, మేడమ్‌గారే వైద్యుని దగ్గరికి తోడు వెళ్ళేవారు. తామే పాత్ర, తరచుగా మాట్లాడని పిల్ల పాత్ర, వేసిన రోజున మేడమ్‌గారు కూడా గడప దాటివచ్చి, పేరు చెప్పి, "ఈ కాలేజీలో సైకాలజీ చెబుతాను. బాగున్నాను. ఆకలేస్తోంది" అనేవారు. ఏళ్ళ తరబడి ఇవే మాటలు, ఇదే వరస. మేము నవ్వేవాళ్ళం.

అనంతర కాలంలో వారు ఉప ప్రిన్సిపాల్‌గా పదోన్నతి పొందారు, పాఠ్యప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా సేవలందించారు, ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు సైతం శిక్షణ తరగతులు నిర్వహించారు. ప్రిన్సిపాల్ పదవి వెతుక్కుంటూ వచ్చినప్పుడు, బుధవారం మధ్యాహ్నం సమావేశాలు పెట్టకుండా ఉంటారా అని అడిగి, వీలు కాదని తెలిసి, నవ్వుతూ వద్దన్నారు. ఏ పదవిలో ఉన్నా పూర్వ విద్యార్థులు వేళాపాళా లేకుండా ఫోను చేసి, "మేడమ్, మా క్లాసులో ఒక పిల్లాడు..." అని మొదలుపెట్టేవారు. "చూసింది చెప్పు" అన్న మాట వరండాలో వినిపిస్తే, ఇంక ఆ మధ్యాహ్నం వారితో మాకు పని జరగదని అర్థమయ్యేది.

పదవీ విరమణ దగ్గరపడిన ఈ ఏడాది పొడుగునా వారు మమ్మల్ని నవ్విస్తూనే ఉన్నారు. "ఇంక నిద్రే నిద్ర మాస్టారూ. అలారం గడియారాన్ని మా ఆయన తలగడ కింద పెట్టేస్తాను" అన్నారు. మేమూ నవ్వాం. ఇంటినిండా మొక్కలు పెంచండని ఒకరు, ఊళ్ళు తిరిగి రండని ఒకరు, మనుమరాలితో ఆడుకోండని ఒకరు, అడగని సలహాలు ధారాళంగా ఇచ్చాం. మనుషుల మనసులు చదవడం పిల్లలకు నేర్పించే కళాశాల ఇది.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళడానికి ముందటి బుధవారం వారి చివరి వెనక బెంచీ గంట. ఆనాడు వేదిక మీద పాఠం చెప్పడానికి మేడమ్‌గారు పిట్టను పిలిచారు. ఆమె ఇప్పుడు ఉన్నత పాఠశాలలో పేరున్న ఉపాధ్యాయిని, ఇద్దరు పిల్లల తల్లి. విద్యార్థులతో పాటు అధ్యాపకులమంతా బెంచీల్లో పిల్లలమై కూర్చున్నాం. సుద్దముక్కలు విసిరే పిల్లవాడి పాత్ర నాకు ఇచ్చారు. నా బట్టతలను చూసి కూడా ఇచ్చారు. మాట్లాడని పిల్ల పాత్రను మేడమ్‌గారు తామే తీసుకుని, వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.

పాఠం వైశాల్యం మీద. నేను శక్తివంచన లేకుండా సుద్దముక్కలు విసిరాను. పిట్ట నవ్వుతూ ఒక్కొక్కరినీ దారిలో పెడుతోంది. మేడమ్‌గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. చేయి బెంచీ మీద ఉంది, గోరుతో నెమ్మదిగా గీకుతున్నారు. ఎంత అద్భుతంగా చేస్తున్నారో చూశారా అని నా పక్కనున్న భౌతికశాస్త్రం మాస్టారు నన్ను మోచేత్తో పొడిచారు. ఔనన్నట్టు నేనూ తల ఊపాను.

పిట్ట నవ్వు ఆగిపోయింది. మాకందరికీ ఒక లెక్క ఇచ్చి, చేస్తూ ఉండమని చెప్పి, వెనక్కి నడిచి మేడమ్‌గారి పక్కన కూర్చుంది. మా ముందు వరుసల దాకా వినిపించీ వినిపించనట్టు అడిగింది:

"ఇది పాత్రేనా మేడమ్?"

గోరు గీకడం ఆగింది. తర్వాత మేడమ్‌గారు కిటికీ వైపే చూస్తూ అన్నారు: "సోమవారం పొద్దున్న లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియట్లేదే పిట్టా."

మా చేతుల్లో పెన్నులు ఆగిపోయాయి. పిట్ట మొక్కలు పెంచమనలేదు, ఊళ్ళు తిరగమనలేదు. "ఇంకా చెప్పండి మేడమ్" అంది. వారు చెప్పారు. అది వారిద్దరి మధ్యా జరిగిన మాట, ఇక్కడ రాయను. గంట మోగింది. చప్పట్ల కోసం పైకి లేచిన నా చేతులు సగంలో ఆగి కిందికి దిగాయి. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"గడప దాటి రండి మేడమ్" అంది పిట్ట.

వారు లేచి, గడప దాటి, వరండాలోకి వెళ్ళారు. ఎప్పటికన్నా ఎక్కువసేపే ఉన్నారు బయట. తిరిగి వచ్చి, తలుపు దగ్గర నిలబడి, తమ పేరు చెప్పారు. తర్వాత చెప్పవలసిన మాట కోసం నోరు తెరిచారు. ఈ కాలేజీలో, అనబోయి ఆగారు. ఆ వాక్యం ఇంక వారిది కాదని వారికి, మాకు, ఒక్కసారే తెలిసింది. మళ్ళీ పేరు ఒక్కటే చెప్పారు. "ఇవాళ బాగాలేను" అన్నారు. ముప్పై మూడేళ్ళలో ఆ తలుపు దగ్గర వారి నోట ఆ మాట మేము వినలేదు. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. వెనక బెంచీలో పిట్ట మెల్లగా జరిగి, చోటిచ్చింది. వారు వెళ్ళి అక్కడ కూర్చున్నారు.

మాన్యులైన మేడమ్‌గారూ, పదవీ విరమణ వేళ విశ్రాంతి జీవితం సుఖమయం కావాలని కోరుకోవడం మర్యాద. మేము మీ దగ్గర మర్యాద కన్నా నిజం ఎక్కువ నేర్చుకున్నాం. కనుక మీకు ఆయురారోగ్యాలు, కంటినిండా నిద్ర, ఎప్పుడూ తలమీదే దొరికే కళ్ళజోడు ఉండాలని, బాగున్న రోజు బాగున్నానని, బాగాలేని రోజు బాగాలేనని చెప్పుకోగల మనుషుల మధ్య మీరు నిండు నూరేళ్ళూ జీవించాలని, మీ భర్తగారితో, అత్తగారితో, పిల్లలతో పాటు ఈ కళాశాల యావత్తూ మనసారా ఆకాంక్షిస్తోంది. బుధవారం గంటను ఇకపై నడపడానికి పిట్ట తన పాఠశాల నుంచి వారం వారం వస్తానన్నది. ఇక సోమవారం సంగతి. మాట్లాడని పిల్ల పాత్రను ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు మీకు మీరే తీసుకున్నారు. మీరు పెట్టిన నియమం ప్రకారం మీకు ఒక టీ బాకీ ఉంది. సోమవారం పొద్దున్నే నీళ్ళు పొయ్యి మీద పెడతాం. పంచదార ఎక్కువే వేస్తాం. వెనక బెంచీలో జరిగి కూర్చుంటాం, మీరు రండి.